తెమడను తిట్టకండి, దాచకండి

ఉయ్యూరు: కొరమీనును చేత్తో పట్టినవారికి జిగురు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఎంత గట్టిగా పట్టినా వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. చేపల బజారులో దానిని బూడిదలో పొర్లించి, ఉప్పు వేసి రుద్ది, జిగురంతా పోయేదాకా కడిగితే గాని ముక్కలు కొయ్యరు. కూర వండేవారికి పీడగా కనబడే ఆ జిగురే, నీళ్ళలో వున్నంతకాలం ఆ చేపకు కవచం. చెరువు బురదలోని క్రిములు, బూజు దాని వంటికి అంటకుండా కాపాడేది అదే. జిగురు ఊడిన చేపకు తెగుళ్ళు త్వరగా సోకుతాయి.

మనిషి వంట్లోనూ అలాంటి జిగురే వుంది. ముక్కులోంచి వస్తే చీమిడి అంటాం. రొమ్ములోంచి వస్తే కళ్ళె అంటాం, తెమడ అంటాం. పెద్దలు శ్లేష్మమనీ కఫమనీ అంటారు. ఏ పేరుతో పిలిచినా దాని మాట ఎత్తగానే ముఖం చిట్లిస్తాం. ధనుర్మాసం చలి మొదలైంది లగాయతు వీరమ్మతల్లి తిరునాళ్ళు అయ్యేదాకా ఉయ్యూరు చుట్టుపక్కల ఏ ఇంటికి వెళ్ళినా ఇద్దరు ముగ్గురు దగ్గుతూ కనిపిస్తారు. తెల్లవారుజామున మంచు, వరి నూర్పిళ్ళ దుమ్ము, చెరకు ఆకు తగలబెట్టిన పొగ, తిరునాళ్ళలో జనం తొక్కిడికి లేచే మట్టి, అన్నీ ఆ రోజుల్లోనే. ఆ దగ్గుల్లో చాలావరకు వారం పది రోజుల్లో వాటంతటవే పోయేవి. పోనివి కొన్ని వుంటాయి. ఏది పోయేదో ఏది పోనిదో తెలియక, పోయేదానికి మందులు మింగుతూ, పోనిదాన్ని దాచుకుంటూ వుండడమే మన పల్లెల్లో జరుగుతున్న పొరపాటు.

రోజుకు లీటరు

పడిశం పట్టినప్పుడే వంట్లో కళ్ళె పుడుతుందని మనలో చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఏ రోగమూ లేని మనిషికి సైతం ముక్కు, గొంతు, ఊపిరి గొట్టాలు అన్నీ కలిసి రోజుకు సుమారు ఒక లీటరు జిగురు తయారుచేస్తాయి. మనకు తెలియకుండానే అది గొంతులోకి జారి లాలాజలంతో పాటు కడుపులోకి పోతుంది. అక్కడి ఆమ్లం అందులోని క్రిములలో చాలావాటిని చంపేస్తుంది. పసిపిల్లలు తెమడ ఊయలేక మింగేస్తున్నారని తల్లులు కంగారుపడుతుంటారు. మామూలు జలుబు కళ్ళె మింగినంత మాత్రాన విషం కాదు.

ఈ జిగురులో నూటికి 95 పాళ్ళు నీరే. మిగిలినది కొంచెం ఉప్పు, క్రిములను చంపే కొన్ని పదార్థాలు, మ్యూసిన్ అనే మాంసకృత్తు. ఎండాకాలం సబ్జా గింజలు నానబెడితే చుట్టూ జిగట కట్టి గింజ ఉబ్బుతుంది కదా, మ్యూసిన్ కూడా నీటిని అలాగే పట్టి వుంచుతుంది. వంట్లో నీరు తగ్గితే పలుచని పాకం తీగపాకం అయినట్లు కళ్ళె ముదురుతుంది. ముదిరిన కళ్ళె కదలదు. దగ్గు వున్నప్పుడు గోరువెచ్చని నీళ్ళు, మజ్జిగతేట, చారు ఎక్కువగా తాగమని చెప్పేది ఇందుకే.

ఇక అది కదిలే తీరు చూడండి. ఊపిరి గొట్టాల లోపలి గోడలకు కంటికి కనపడనంత సన్నని నూగు వుంటుంది. నాటు నిలదొక్కుకున్న చేలో గాలి కొట్టినప్పుడు నారంతా ఒక్క వైపుకే వంగినట్లు, ఈ నూగు సెకనుకు పది పదిహేనుసార్లు గొంతువైపుకు కొడుతుంది. దుమ్ము, మసి, క్రిములు అంటుకున్న జిగురును నిమిషానికి సుమారు అర సెంటీమీటరు చొప్పున పైకి తోస్తుంది. పుల్లేరు కాలువలో నీరు పల్లానికి పోతుంది. ఇక్కడ మాత్రం రాత్రింబగళ్ళు మెరకకు ఎక్కించాలి. గుర్రపుడెక్క అడ్డం పడితే కాలువ ఏమవుతుందో మన రైతులకు తెలుసు. నూగు పని మానేసినా, కళ్ళె మరీ చిక్కబడినా రొమ్ములో జరిగేది అదే. నిలవ వున్న చోట క్రిములు పెరుగుతాయి. అప్పుడు దగ్గు వస్తుంది. నూగు చెయ్యలేని పనిని దగ్గు ఒక్క ఊపున చేస్తుంది. అందుచేత కళ్ళెతో కూడిన దగ్గును మందు పోసి బలవంతంగా అణచడం మంచిది కాదు.

ఈ జిగురు ఊరికే అంటుకుని వుండేది కూడా కాదు. 1921లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అనే వైద్యుడు తనకు జలుబు చేసినప్పుడు తన చీమిడినే క్రిములు పెంచే పళ్ళెంలో వేసి చూశాడు. దాని పక్కనున్న క్రిములు కరిగిపోయాయి. అందులోని ఆ పదార్థానికి లైసోజైమ్ అని పేరు పెట్టారు. మన కన్నీళ్ళలోనూ లాలాజలంలోనూ కూడా అది వుంది. ఆయనే 1928లో పెన్సిలిన్ కనిపెట్టాడు. చీమిడిని చూసి ముక్కు మూసుకోకుండా పరీక్షకు పెట్టిన మనిషికే ఆ పేరు దక్కడం సబబుగానే వుంది.

కడుపు లోపలి గోడకు కూడా జిగురు పొర వుంది. లేకపోతే అన్నాన్ని అరిగించే ఆమ్లం కడుపునే తినేస్తుంది. పేగుల్లోనూ వుంది. జిగట విరేచనాలు అంటున్నామే, ఆ జిగట పేగు పుండుపడినప్పుడు బయటపడే ఈ జిగురే. జిగటతో నెత్తురు కూడా పడితే పసరు వైద్యంతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ కథ వేరే చెప్పుకోవాలి, ప్రస్తుతానికి రొమ్ము దగ్గరే వుందాం.

రంగును బట్టి మందు కాదు

మందుల దుకాణానికి వెళ్ళి "కళ్ళె పచ్చగా పడుతోందండీ" అంటే చాలు, నాలుగు మాత్రలు చించి చేతిలో పెట్టే అలవాటు మన దగ్గర చాలాకాలంగా వుంది. పచ్చదనం వచ్చేది మన సైన్యం వల్లనే. క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలలో ఇనుము కలిసిన ఒక పదార్థం వుంటుంది. దాని రంగు ఆకుపచ్చ. ఆ కణాలు ఎక్కువగా వచ్చి చనిపోతే కళ్ళె పచ్చబడుతుంది. మామూలు జలుబులోనూ మూడో నాలుగో రోజుకు ఇలా మారవచ్చు. జలుబు కలిగించేవి వైరసులు, రెండువందల రకాలకు పైనే వున్నాయి. వాటిమీద ఆంటీబయాటిక్ మాత్రలు పనిచేయవు.

ఆ మాత్రలను తక్కువ చేసి చెప్పడం లేదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో పరిశోధనకు నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలల్లోనే 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అదే మొదటిది. న్యుమోనియా వచ్చిన వారిని ఇలాంటి మందులు బతికించాయి. అయితే పడిశానికల్లా వాడుతూపోతే, తీరా న్యుమోనియా వచ్చిన రోజున క్రిములు వాటికి లొంగవు. మందు మొండిబారిందని మనం అంటాం గాని, నిజానికి మొండిబారినవి క్రిములు.

కొన్ని రంగుల విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. చలిజ్వరం, పక్కపోటుతో ఇటుకపొడి రంగు కళ్ళె పడితే న్యుమోనియా కావచ్చు. ఆయాసంతో గులాబిరంగు నురగ వస్తే గుండె నీరసించి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతున్నదేమో చూడాలి, అది గంటల మీద వ్యవహారం. దుర్వాసనతో దోసిలినిండా పడితే ఊపిరితిత్తిలో చీము పట్టిందేమోనని అనుమానించాలి. ఎరుపు జీర ఒక్కసారి కనపడినా చూపించుకోవాలి. నల్లగా వుంటే చాలాసార్లు అది పొయ్యి మసి, ఊక పొగ, ధాన్యం మిల్లు దుమ్ము.

చుట్ట వెలిగిస్తే కళ్ళె తెగుతుందా

"పొద్దున్నే చుట్ట ముట్టిస్తే గాని కళ్ళె తెగదు" అనే మాట మన అరుగుల మీద వినని వారుండరు. ఇందులో సగం నిజం వుంది, అదే మోసం. పొగ తగలగానే నూగు మొద్దుబారుతుంది. రాత్రి ఆరేడు గంటలు పొగ లేకపోయేసరికి అది కాస్త తేరుకుని పని మొదలుపెడుతుంది. తెల్లారేసరికి నిన్నటి మసిని గొంతుదాకా తెస్తుంది. అంటే కళ్ళెను తెచ్చింది చుట్ట కాదు, చుట్ట లేని రాత్రి. పొద్దుటి చుట్ట గొంతును గీరి దగ్గు తెప్పిస్తుంది, ఆ దగ్గుకు సిద్ధంగా వున్న కళ్ళె పడుతుంది. పేరు చుట్టకు వస్తుంది. మళ్ళీ సాయంత్రందాకా నూగు మొద్దుబారే వుంటుంది.

ఇలా ఏళ్ళు గడిస్తే జిగురు చేసే కణాలు పెరుగుతాయి, నూగు రాలిపోతుంది, గొట్టాలు ఇరుకవుతాయి. మెట్లు ఎక్కాలన్నా గట్టుమీద నడవాలన్నా ఎగశ్వాస వస్తుంది. జన్మలో చుట్ట ముట్టని ఆడవారికి కూడా ఈ జబ్బు రావడం చూస్తున్నాం. కట్టెల పొయ్యి, పిడకల పొయ్యి, ఊకపొయ్యి ముందు ముప్పై నలభై ఏళ్ళు కూర్చున్న ఫలితం అది. గ్యాసు వచ్చినా నీళ్ళు కాచుకోవడానికి ఇంకా కట్టెలే వాడే ఇళ్ళున్నాయి. పొయ్యిని ఆరుబయటకు మార్చినా కొంత మేలే.

చెరకు పండించే ప్రాంతం కనుక ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. తడిసి బూజుపట్టిన చెరకు పిప్పి దుమ్ము పీలిస్తే కొందరికి సాయంత్రానికి జ్వరం, దగ్గు, ఆయాసం వస్తాయి. 1941లో అమెరికాలోని లూసియానాలో దీన్ని వైద్యులు వర్ణించి, పిప్పి పేరు మీదుగానే బగసోసిస్ అన్నారు. తడిసిన వరిగడ్డి వామి విప్పేటప్పుడు లేచే బూజు దుమ్ము కూడా అలాంటిదే. వామి విప్పిన రోజు రాత్రే జ్వరం వస్తూ, రెండురోజుల్లో తగ్గి, మళ్ళీ వామి ముట్టుకోగానే వస్తూ వుంటే ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి. చెప్పకపోతే ఆయన మామూలు జ్వరమే అనుకుంటాడు. 2020లో కరోనా నాడు అలవాటైన మాస్కును నూర్పిళ్ళప్పుడు, వామి విప్పేటప్పుడు మళ్ళీ బయటకు తీస్తే తప్పులేదు.

పెరటి మందులు, సీసా మందులు

మన కంచెల్లో పెరిగే అడ్డసరం ఆకు కషాయం దగ్గుకు వాడడం తాతలనాటి అలవాటు. దాన్ని నాటువైద్యమని కొట్టిపారేయనక్కరలేదు. కళ్ళెను పలుచబరిచే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు పేరు దగ్గు సీసాల మీద చూసేవుంటారు. అడ్డసరంలో వున్న వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకుని తయారైన మందు అది. అయితే గర్భిణులు అడ్డసరం కషాయం తాగకూడదు, గర్భసంచి బిగిసే ప్రమాదం వుంది.

తలనొప్పికీ పడిశానికీ మనం రాసుకునే అమృతాంజనం పుట్టింది బొంబాయిలోనైనా, 1893లో దాన్ని తయారుచేసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మన పామర్రు దగ్గరి ఎలకుర్రు బిడ్డ. ఆ డబ్బుతోనే ఆయన 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. ఇలాంటి బాములలో వుండే మెంథాల్ ముక్కుకు చల్లగా తగిలి ఊపిరి సులువుగా ఆడుతున్నట్లు అనిపిస్తుంది. మూసుకున్న ముక్కు నిజంగా తెరుచుకోదు. ఆ హాయి చాలనుకుంటే రాసుకోవచ్చు. రెండేళ్ళలోపు పిల్లలకు మాత్రం రాయకూడదు, ముక్కు రంధ్రాల్లో ఎవరికీ పెట్టకూడదు.

ఆవిరి పట్టడం కాస్త ఉపశమనమే. కాని మరిగే నీళ్ళ గిన్నె ముందు పిల్లలను దుప్పటి కప్పి కూర్చోబెట్టడం మాత్రం వద్దు. గిన్నె తిరగబడి ఒళ్ళు కాలితే పడిశం కంటే పెద్ద ఆపద. ఏడాది నిండిన పిల్లలకు పడుకోబోయే ముందు చెంచా తేనె ఇస్తే రాత్రి దగ్గు తగ్గుతుంది. ఏడాది నిండని వారికి తేనె నాకించరాదు. పుట్టగానే నాలుకకు తేనె రాసే ఆచారం మనలో వుంది గనుక ఈ మాట గట్టిగా చెప్పవలసి వస్తోంది. తేనెలో అరుదుగా వుండే ఒక క్రిమి పసివారిలో నరాలను చచ్చుబరుస్తుంది.

పాలు, పెరుగు, అరటిపండు కళ్ళెను పెంచుతాయంటూ దగ్గే పిల్లలకు మాన్పించేస్తారు. పాలు తాగాక గొంతులో చిక్కగా అనిపించేది పాలు లాలాజలంతో కలిసినందువల్ల. కళ్ళె ఎక్కువ ఉత్పత్తి అవుతుందని పరీక్షల్లో తేలలేదు. గేదె పాలు ఇంట్లో వుండగా, బలం కావలసిన సమయంలోనే పిల్లవాడికి అవి దూరం చేయడం అన్యాయం.

సీసా మందుల సంగతికి వస్తే, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో జరిగింది పత్రికల్లో చదివేవుంటారు. దగ్గు మందులో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం కలిసినందువల్ల పిల్లల మూత్రపిండాలు పాడై ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత కేంద్ర ఆరోగ్యశాఖ రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరపులు రాయవద్దనీ, అయిదేళ్ళలోపు వారికి సాధారణంగా అవి సిఫారసు చేయదగినవి కావనీ మరోసారి చెప్పింది. అన్నకు రాసిన సీసాను తమ్ముడికి పోయడం మన ఇళ్ళలో మామూలే. ఇకనైనా మానాలి.

మృగశిర కార్తెకు హైదరాబాదు చేపమందుకని ఉబ్బసం వున్నవారు మన జిల్లానుంచి రైళ్ళెక్కి వెళుతుంటారు. వెళ్ళడం వారి నమ్మకం. దానివల్ల ఉబ్బసం నయమవుతుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. పీల్చే మందు అలవాటైపోతుందనే భయంతో మానేసి, చేపమందు మీదే ఆధారపడడం మాత్రం ప్రాణం మీదకు తెస్తుంది. పీల్చే మందు నేరుగా ఊపిరి గొట్టాలకే చేరుతుంది, అందుకే మాత్రల కంటే తక్కువ మోతాదు సరిపోతుంది.

డొక్కలు ఎగరేస్తుంటే

పసివారి విషయంలో కళ్ళె ఎంత గురగురలాడిందని కాదు, ఊపిరి ఎలా వుందని చూడాలి. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా వున్నప్పుడు చొక్కా ఎత్తి, సెల్‌ఫోనులో గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60 గాని అంతకు ఎక్కువ గాని, రెండు నెలలనుంచి ఏడాదిలోపు వారికి 50 గాని ఎక్కువ గాని, ఏడాదినుంచి అయిదేళ్ళలోపు వారికి 40 గాని ఎక్కువ గాని వస్తే న్యుమోనియా అని అనుమానించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్కలివి. చదువు రాని తల్లికి కూడా నేర్పవచ్చు.

ఊపిరి పీల్చేటప్పుడు కింది డొక్క లోపలికి పోతుంటే, మన వాళ్ళు డొక్కలు ఎగరేస్తున్నాడు అనే దానికి అర్థం అదే. పాలు తాగలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, మత్తుగా పడివున్నా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే 108కి ఫోను చేయాలి. పొట్టమీద వాతలు పెట్టించడం, ముక్కులో పసరు పోయించడం ఇంకా అక్కడక్కడా వున్నాయి. వాత పెట్టించుకున్నాక ఆసుపత్రికి తెచ్చిన బిడ్డకు రెండు బాధలు. న్యుమోనియా రాకుండా పి.సి.వి. టీకా 2021నుంచి దేశమంతటా ఉచితంగా వేస్తున్నారు. ఆరు వారాలకు ఒకటి, 14 వారాలకు ఒకటి, తొమ్మిదో నెలలో ఒకటి.

రెండు వారాలు దాటిన దగ్గు

మా బంధువుల్లో ఒకావిడ, వరసకు నాకు మేనత్త. వరి కోతలనాడు మొదలైన దగ్గు సంక్రాంతికీ తగ్గలేదు. "ఏం అత్తయ్యా, ఇంకా దగ్గుతున్నావు?" అంటే "పడిశంలే అబ్బాయ్, నూర్పిళ్ళ దుమ్ము. అదే పోద్ది" అనేది. దుకాణంలో చెప్పి తెప్పించుకున్న సీసాలు నాలుగు అయ్యాయి. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది, మనిషి చిక్కిపోయింది. కొంగుకు నెత్తురు చార అంటిన సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో కూతురికి సంబంధాలు చూస్తున్నారు. తల్లికి టీబీ అంటే పెళ్ళి చెడుతుందని ఆమె భయం. చివరకు ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త ఆ దగ్గు విని మూతవున్న డబ్బా ఒకటి చేతిలో పెట్టి వెళ్ళింది. పరీక్షలో టీబీ అని తేలింది.

ఇంట్లోవాళ్ళు వెంటనే ఆమె గ్లాసు, కంచం వేరు పెట్టారు. పడక వెనుక గదిలోకి మార్చి, మంచు తగులుతుందని కిటికీ మూశారు. రెండూ తలకిందులే. టీబీ గ్లాసు వల్ల రాదు, కంచం వల్ల రాదు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలిలోకి లేచే తుంపరల వల్ల వస్తుంది. ఆ గాలి నిలిచిపోయే మూసిన గది ప్రమాదం. గాలీ వెలుతురూ ఆడే గదిలో ముప్పు తగ్గిపోతుంది. చికిత్స లేకుండా తిరిగే ఒక రోగి ఏటా పది పదిహేను మందికి అంటించగలడు. మందులు మొదలైన కొద్ది వారాలకే అంటించడం బాగా తగ్గిపోతుంది. అంటే ఆమె కొంగు దాచిన మూడు నెలలూ ఇంటికి ప్రమాదం. డబ్బా పరీక్షకు వెళ్ళిన రోజునుంచి ప్రమాదం తగ్గుతూ వచ్చింది. ఇంటివాళ్ళు భయపడింది మాత్రం ఆ రోజునుంచే.

టీబీకి కారణమైన క్రిమిని రాబర్ట్ కోచ్ కనుగొన్నట్లు 1882 మార్చి 24న ప్రకటించారు. ఆ తరువాత కూడా చాలాకాలం మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, అంతే. అందుకనే కొండగాలి తగిలే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం వెలిసింది. 1948లో మనదేశంలో బి.సి.జి. టీకాలు మొదట వేసింది కూడా మదనపల్లెలోనే. మనకు దగ్గరలో మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ వున్న స్థలం ఒకప్పుడు క్షయ శానిటోరియంది. అక్కడికి వెళ్ళిన వారు తిరిగిరారన్నట్లుగా మాట్లాడేవారని మా పెద్దలు చెప్పగా విన్నాను.

ఆ భయాన్ని మార్చిన పని మద్రాసులో జరిగింది. 1956లో అక్కడ ప్రారంభమైన క్షయ పరిశోధన కేంద్రంవారు రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును శానిటోరియంలో మంచి తిండితో విశ్రాంతిగా వుంచారు. రెండో జట్టును వారి ఇరుకు ఇళ్ళలోనే వుంచారు. మందులు రెండు జట్లకూ ఇచ్చారు. ఏడాది తరువాత చూస్తే రెండు జట్ల ఫలితాలూ దాదాపు సమానం. ఇంట్లో వుంచినందువల్ల కుటుంబంలోని వారికి ఎక్కువగా అంటిందీ లేదు. 1959లో వెలువడిన ఆ ఫలితాలు చూసి ప్రపంచంలోని చాలా దేశాలు ఇంటి చికిత్సకు మారాయి. మనుషులను ఊరవతల పెట్టనవసరం లేదని మన దక్షిణాది పేదవాడలే లోకానికి రుజువు చేశాయి. అది జరిగి ఇన్నేళ్ళైనా మనం గ్లాసులు వేరుచేస్తూనే వున్నాం.

రెండు వారాలకు మించి దగ్గు వుంటే తెమడ పరీక్ష చేయించుకోవాలి. సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం వుంటే మరీ ముఖ్యం. చక్కెర వ్యాధి వున్నవారికి టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ గనుక వారు ఉపేక్షించరాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షా, మందులూ ఉచితం. రక్తం తీసి టీబీ వుందో లేదో చెప్పే పాత పరీక్షలను నమ్మదగినవి కావని 2012లోనే కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఎవరైనా చేస్తామంటే డబ్బు పోసుకోవద్దు.

డబ్బాలో ఉమ్మి వేసి ఇచ్చేవారు ఎక్కువ. ఉమ్మిలో క్రిమి దొరకదు, రోగం లేదని తప్పుడు ధైర్యం వస్తుంది. తెల్లవారి లేవగానే, ఏమీ తినకముందు వట్టి నీళ్ళతో నోరు పుక్కిలించాలి. ఆరుబయటకు వెళ్ళి, దగ్గరలో ఎవరూ లేకుండా చూసుకుని, రెండు మూడుసార్లు గుండెనిండా గాలి పీల్చి, రొమ్ము లోతుల్లోంచి దగ్గి, వచ్చిన చిక్కని తెమడను డబ్బాలో వేసి మూత బిగించాలి. మామూలుగా రెండు నమూనాలు అడుగుతారు, ఒకటి ఆసుపత్రిలో అప్పటికప్పుడు, మరొకటి ఇలా తెల్లవారి. యంత్రంమీద చేసే కొత్త పరీక్షలో కొన్ని గంటల్లోనే టీబీ వుందా, ముఖ్యమైన మందుకు లొంగేదా కాదా అన్నది కూడా తెలుస్తుంది.

మామూలు టీబీకి చికిత్స ఆరు నెలలు. నెల తిరిగేసరికి దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, మనిషి తేరుకుంటాడు. చాలామంది అక్కడే మానేస్తారు. మిగిలిన క్రిములు మొండివై తిరగబెడితే చికిత్స కష్టమవుతుంది. మందు వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది. అది నెత్తురు కాదు, రిఫాంపిసిన్ మాత్ర రంగు. ఇది ముందుగా చెప్పకపోవడం వల్ల మాత్రలు పారేసినవారున్నారు. చికిత్స జరిగినన్నాళ్ళు పౌష్టికాహారానికని నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2018లో 500 రూపాయలతో మొదలైన ఈ సాయాన్ని 2024 నవంబరునుంచి వెయ్యి చేశారు. ప్రైవేటు డాక్టరు దగ్గర చికిత్స చేయించుకుంటున్నా పేరు నమోదైతే ఇది వస్తుంది. ఇంట్లో మిగతావారికి కూడా పరీక్షలు చేయించుకోవాలి.

మా అత్తయ్య ఆరు నెలలూ ఒక్క పూట మానకుండా వేసుకుంది. ఇంట్లో మిగతావారికి పరీక్షలు చేస్తే ఎవరికీ రోగం కనపడలేదు. మరుసటి ఏడాది కూతురి పెళ్ళి జరిగింది. మగపెళ్ళివారికి సంగతి ముందే చెప్పారు. వాళ్ళ తాతగారికీ ఒకప్పుడు ఇదే వచ్చి తగ్గిందట.